పాత స్ప్లెండర్ మిస్ కొడుతోంది, సీడీఐ దాకా మార్చినా పోలేదు

కనగల్ బత్తాయి:
అన్నలూ, మా నాయిన 2001లో కొన్న హీరో హోండా స్ప్లెండర్, ఏపీ 24 నంబరు. నాయిన పోయి నాలుగేళ్లయింది, బండి మాత్రం ఇప్పటికీ తోటకీ నల్గొండకీ నాతోనే తిరుగుతోంది. "అమ్మేసి కొత్తది తీసుకో" అని మాత్రం ఎవరూ చెప్పకండి. ఆ సలహా ఇంట్లో రోజూ ఉచితంగా దొరుకుతోంది.

నెల రోజులుగా మిస్ కొడుతోంది. కిక్ ఒక్క దెబ్బకే స్టార్ట్ అవుతుంది. స్టాండు మీద ఎంత రేజ్ చేసినా సాఫీగానే ఉంటుంది. రోడ్డెక్కి నాలుగో గేరు వేసి ఎక్సిలేటర్ గట్టిగా తిప్పితే మొదలు. ఎవరో కాలర్ పట్టి వెనక్కి లాగినట్టు టక్కున ఆగి, అంతలోనే అందుకుంటుంది. సైలెన్సర్‌లో టప్‌మని చప్పుడు. ఒక్కడినే నెమ్మదిగా పోతే ఏమీ లేదు. వెనక బత్తాయి సంచి కట్టినా, మా ఆవిడ ఎక్కినా ఖాయంగా వస్తుంది (ఈ వాక్యం ఆమె చదవకూడదు). పొద్దున ఐదున్నరకి మంచులో పాలు పోయడానికి పోతే మరీ ఎక్కువ.

కొత్త ప్లగ్ వేయించా, కార్బొరేటర్ రెండుసార్లు క్లీన్ చేయించా. ఒక మెకానిక్ బ్యాటరీ మార్పించాడు. ఇంకొకతను సీడీఐ (ప్లగ్‌కి కరెంటు ఎప్పుడు పోవాలో చూసే చిన్న డబ్బా) పోయిందన్నాడు, అదీ వేశా. మొత్తం 2,900 అయింది. ఏది చేసినా రెండు రోజులు తగ్గినట్టే ఉంటుంది, మళ్లీ మొదలు. పెట్రోల్ బంకు కూడా మార్చి చూశా. ఇంకేం మిగిలింది?

అచ్చంపేట ఘాట్ రోడ్:
బోర్ (సిలిండర్ లోపలి గోడ) అరిగిపోయి ఉంటది అన్నా. నాదీ మన్ననూరు దాటి ఘాట్ ఎక్కేటప్పుడు ఇట్లనే గుంజలేదు. బోరు కొట్టించి పిస్టన్, రింగులు వేయించినంక సెట్ అయింది.

దేవరకొండ 97సీసీ:
బోర్ పోతే ఒక్క దెబ్బకి స్టార్ట్ అవుతుందా? పొగ ఉండాలి, ఆయిల్ తగ్గాలి. ముందు పైసా ఖర్చు లేనిది చూడు తమ్ముడూ. మిస్ కొట్టగానే బండి పక్కకి ఆపి ట్యాంకు మూత తీయి. సుయ్‌మని గాలి లోపలికి లాగితే మూతలో గాలి రంధ్రం పూడిపోయినట్టే. అప్పుడు పెట్రోల్ సరిగ్గా కిందికి దిగదు.

కనగల్ బత్తాయి:
దేవరకొండ అన్నా, ఇవాళ చూశా. మూత తీస్తే ఏ చప్పుడూ లేదు, మూత తీసి నడిపినా అదే తీరు. పొగ లేదు, ఆయిల్ తగ్గలేదు.

మిర్యాలగూడ పాత షెడ్డు:
22 ఏళ్లు షెడ్డు నడిపాను, ఇప్పుడు మానేశాను. మీరు రాసిన దాంట్లోనే జవాబు చాలావరకు ఉంది.

పెట్రోల్ అందకపోతే బండి నీరసపడుతుంది. గొంతు మెల్లగా పూడుకుపోయి, మెల్లగానే తేరుకుంటుంది. కరెంటు తప్పితే అలా కాదు, ఎక్కిళ్లే. టక్కున తెగి, టక్కున అతుక్కుంటుంది. మీరు చెప్పిన కాలర్ సంగతి రెండోది. 3000 ఆర్‌పీఎం దగ్గర ఈ ఇంజన్ సెకనుకి 25 సార్లు మండాలి, అందులో రెండు మూడు తప్పినా సీటు మీదున్న మనిషికి తెలిసిపోతుంది. కాలని పెట్రోల్ వేడి సైలెన్సర్‌లోకి పోయి అంటుకుంటే ఆ టప్ చప్పుడు.

బరువు ఎక్కితేనే ఎందుకొస్తుంది? ఎక్సిలేటర్ తిప్పేకొద్దీ సిలిండర్ నిండి ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో ప్లగ్ గ్యాప్ దాటాలంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. బయట ఎక్కడైనా సులువైన దారి దొరికితే కరెంటు అటే పోతుంది. మంచు తడి ఆ దారిని ఇంకా సులువు చేస్తుంది. స్టాండు మీద రేజ్ చేస్తే బరువు ఉండదు కాబట్టి ఏమీ తెలియదు.

ఇక ఆ రెండు రోజుల సంగతి. ఏ మెకానిక్ అయినా మొదట ప్లగ్ విప్పి చూస్తాడు. అంటే ప్రతిసారీ ప్లగ్ నెత్తిన తొడిగే క్యాప్ పీకి మళ్లీ నొక్కాడు. బాగైంది సీడీఐ వల్ల కాదు, ఆ నొక్కడం వల్ల. బ్యాటరీ మార్చడమైతే శుద్ధ దండగ. ఈ బండిలో ప్లగ్‌కి కరెంటు బ్యాటరీ నుంచి రాదు, ఇంజన్ తిరిగితే కరెంటు పుట్టించే మాగ్నెట్ కాయిల్ నుంచి వస్తుంది.

రాత్రి లైట్లన్నీ ఆర్పి, గాలి ఆడే చోట బండి స్టార్ట్ చేయండి. ఇస్త్రీ బట్టల మీద నీళ్లు కొట్టే సీసాతో ప్లగ్ క్యాప్ మీద, ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్‌కి వోల్టేజీ పెంచేది) నుంచి వచ్చే లావు వైరు మీద సన్నగా జల్లి, రేజ్ చేసి చూడండి. చేయి మాత్రం పెట్టొద్దు, గట్టిగా కొడుతుంది.

కనగల్ బత్తాయి:
షెడ్డు అన్నా, దొరికింది!

మా ఇంట్లో ఆ సీసా లేదు. మిరప మొక్కలకి మందు కొట్టే చిన్న చేతి పంపుని మూడుసార్లు కడిగి, రాత్రి తొమ్మిదింటికి పశువుల కొట్టం ముందు పెట్టా. పొడిగా ఉన్నప్పుడు ఏమీ కనిపించలేదు. నీళ్లు జల్లి రేజ్ ఇచ్చేసరికి, క్యాప్ కింది అంచు నుంచి సిలిండర్ రెక్కల మీదికి నీలం రంగులో సన్నటి దారం లాంటిది చిట్‌చిట్‌మంటూ దూకింది. దూకినప్పుడల్లా ఇంజన్ ఎక్కిళ్లు. మా బర్రె బెదిరి గుంజ చుట్టూ తిరిగింది.

పొద్దున ఇంజన్ ఆపి క్యాప్ తీసి చూస్తే, రబ్బరు కింద వెంట్రుకంత చీలిక. దాని పొడవునా పెన్సిల్ గీసినట్టు నల్ల చార. క్యాప్‌ని వైరు నుంచి తిప్పి ఊడదీస్తే లోపల రాగి తీగలు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి.

మిర్యాలగూడ పాత షెడ్డు:
ఆ నల్ల చార మీదుగానే కరెంటు పోయింది. టేపు చుట్టి నడపకండి, వారంలో మళ్లీ వస్తుంది. కొత్త క్యాప్ తెచ్చుకోండి. వైరు చివర అర అంగుళం నరికి, మెరిసే రాగి కనిపించాక క్యాప్‌ని మరలా తిప్పి ఎక్కించండి. మల్టీమీటరు ఉంటే కొనేముందే క్యాప్ రెండు కొసల మధ్య చూడండి. లోపల రెసిస్టర్ (కరెంటుని కొంత అడ్డే భాగం) ఉన్న క్యాప్ అయితే 5 కిలో ఓమ్స్‌కి దగ్గరగా చూపించాలి.

అచ్చంపేట ఘాట్ రోడ్:
నా బోరింగ్ డబ్బులు గుర్తొచ్చి కడుపు మండుతోంది. నా బండి క్యాప్ ఒక్కసారీ చూడలేదు.

కనగల్ బత్తాయి:
క్యాప్ 90 రూపాయలు. నల్గొండ క్లాక్ టవర్ దాకా వెనక రెండు సంచులు కట్టుకుని పోయొచ్చా, ఒక్కసారి కూడా తడబడలేదు. రేపు మంచులో పాలకి పోయినప్పుడు ఇంకోసారి చూసి చెప్తా. పాత సీడీఐ బాగానే ఉన్నట్టుంది, పారేయలేదు, సైడ్ డబ్బాలో ఉంది.