నాన్నని హాస్పిస్‌లో చేర్చడమంటే వదిలించుకోవడమేనా?

వైరా వాగు · సోమవారం, రాత్రి 11:40

మా నాన్నకి 69 ఏళ్ళు. ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. పోయిన దసరా ముందు కామెర్లు వస్తే ఖమ్మంలో స్కాన్ తీయించాం. పాంక్రియాస్ క్యాన్సర్ అని తేలింది, అప్పటికే లివర్‌కి పాకింది. హైదరాబాద్‌లో నా అద్దె ఇంట్లో ఉంచుకుని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కీమో ఇప్పించాం. మొదటి మందు మూడు నెలలు పనిచేసింది. రెండోది ఆయన ఒళ్ళు తట్టుకోలేదు. గురువారం డాక్టరు గారు నన్ను పక్కకి పిలిచి, "ఇక కీమో వల్ల బాధే తప్ప లాభం లేదమ్మా, హాస్పిస్ గురించి ఆలోచించండి" అన్నారు. రెండు నిమిషాలు కూడా మాట్లాడలేదు.

అప్పట్నుంచి ఇంట్లో గొడవ. డాలస్‌లో ఉన్న అన్నయ్య "డబ్బు నేను పంపిస్తా, వేరే ఆసుపత్రికి మార్చు, వెంటిలేటర్ దాకా వెళ్ళినా సరే" అంటాడు. బాబాయి "ఇద్దరు పిల్లల్ని కన్నవాడు పరాయివాళ్ళ మధ్య పోవాలా? ఊళ్ళో తలెత్తుకోగలమా?" అంటాడు. అమ్మ ఏమీ అనదు. రాత్రిళ్ళు నాన్న నడుం నొప్పితో మూలుగుతుంటే వీపు రాస్తూ కూర్చుంటుంది. నిన్న ఇంటి ఓనర్ గారు మెట్ల దగ్గర ఆపి, "ఏమన్నా అయితే ఇక్కడికి మాత్రం తీసుకురావద్దమ్మా, మా ఇంట్లో పెళ్ళి పెట్టుకున్నాం" అన్నారు. ఆయనతో ఏం మాట్లాడాలో తెలియక పైకి వచ్చేశాను.

హాస్పిస్‌లో చేర్చడం తప్పా? చూసినవాళ్ళు, చేసినవాళ్ళు చెప్పండి. రెండు మూడు రోజుల్లో ఏదో ఒకటి తేల్చుకోవాలి.

గన్నేరు చెట్టు · మంగళవారం, ఉదయం 6:15

మీ బాబాయి గారి మాట కటువుగా ఉన్నా తీసిపారేయకండి అమ్మా. మా అమ్మ రెండేళ్ళ కిందట పోయింది, గుంటూరు దగ్గర మా ఊళ్ళో, మా ఇంట్లోనే. ఆమెకీ క్యాన్సరే. ఆఖరి పది రోజులు మంచం వసారాలోకి మార్చాం. సాయంత్రం గేదెలు ఇంటికొచ్చే వేళకి ఆ గంటల చప్పుడు విని కళ్ళు తెరిచేది. ఇరుగమ్మలు వచ్చి పక్కన కూర్చుని పాత సంగతులు చెప్పుకునేవాళ్ళు. నోట్లో తులసి నీళ్ళు నా చేత్తో పోశాను. ఇదంతా ఏ హాస్పిస్‌లో దొరుకుతుంది? గంటకి ఒకసారి వచ్చి మంచం నంబరు చూసి మందిచ్చి వెళ్ళేవాళ్ళు మనవాళ్ళు అవుతారా? మీది అద్దె ఇల్లయితే ఊరికి తీసుకెళ్ళండి. సొంత గడప ఉన్న మనిషిని వేరే చోట పెట్టకండి.

నర్సక్క · మంగళవారం, ఉదయం 9:50

నేను పద్నాలుగేళ్ళుగా నర్సుని, అందులో ఆరేళ్ళు పాలియేటివ్ కేర్‌లో, అంటే పెద్ద జబ్బుల్లో బాధ తగ్గించి చూసుకునే వైద్యంలో చేశాను. హాస్పిస్ అంటే ఒక భవనమని, చేర్చి వచ్చేయడమని అందరూ అనుకుంటారు. అది మనిషిని చూసుకునే ఒక పద్ధతి. రోగం నయం కాదని తేలాక నొప్పి, ఆయాసం, వాంతులు, పుండ్లు, నిద్ర, భయం, వీటి మీద పనిచేస్తారు. అది వార్డులో జరగొచ్చు, మీ ఇంటికే టీమ్ వచ్చి చేయొచ్చు. వార్డులో ఉంచినా పక్కన ఇంటిమనిషి ఉండొచ్చు. చాలాచోట్ల ఉండమనే అంటారు.

హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి చెప్తున్నా. ఖాజాగూడలో స్పర్శ్ హాస్పిస్ ఉంది, బంజారాహిల్స్ రోటరీ క్లబ్ ట్రస్టు 2011లో మొదలుపెట్టింది. పేషెంటు దగ్గర డబ్బు తీసుకోరు, ఇంటికి వచ్చి చూసే టీములు కూడా ఉన్నాయి. రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం ఉంది. ఊరికి వెళ్ళాలనుకుంటే, తెలంగాణలో ప్రభుత్వమే కొన్ని జిల్లాల్లో పాలియేటివ్ సెంటర్లు పెట్టింది. మొదట చేవెళ్ళలో పెట్టి తర్వాత వేరే జిల్లాలకి తీసుకెళ్ళారు. 'ఆలన' అనే బండిలో నర్సు ఇళ్ళకి వస్తుంది. ఖమ్మం పెద్దాసుపత్రిలో అడగండి, మీ మండలానికి ఏ రోజు వస్తారో కనుక్కోండి.

గన్నేరు చెట్టు గారూ, మిమ్మల్ని తప్పుపట్టడానికి కాదు, ఒక్కటి అడుగుతాను. మీ అమ్మగారికి నొప్పికి ఏం ఇచ్చారు?

కొండపల్లి · మంగళవారం, మధ్యాహ్నం 1:05

నర్సక్క గారు ఒక సంగతి వదిలేశారు. అక్కడ నొప్పికి ఇచ్చేది మార్ఫిన్ అనే మత్తుమందు. మొదలుపెట్టాక మనిషి మనిషిలా ఉండడు. మత్తులో పడి ఉంటాడు, డోసు పెంచుకుంటూ పోతారు, ఒకరోజు లేవడు. మా పెదనాన్నకి ఇలాగే జరిగింది, మొదలుపెట్టిన నాలుగో రోజుకే పోయాడు.

ఇంకో విషయం. డాక్టర్లు చెప్పిన గడువులన్నీ నిజం కావు. మా మేనత్తకి మూడు నెలలన్నారు, నాలుగేళ్ళు బతికింది. ఒక్క డాక్టరు రెండు నిమిషాల్లో చెప్పిన మాట పట్టుకుని వైద్యం ఆపేస్తారా? వైరా వాగు గారూ, మీ అన్నయ్య చెప్పినట్టు కనీసం ఇంకో చోట చూపించండి.

నొప్పి డాక్టర్ · మంగళవారం, రాత్రి 10:30

కొండపల్లి గారి రెండో మాటతో ఏకీభవిస్తాను. రెండో అభిప్రాయం తీసుకోవడం మీ హక్కు. దానికి నాన్నగారిని తిప్పక్కర్లేదు, రిపోర్టులు, స్కాన్ సీడీ పట్టుకుని మీరొక్కరే వెళ్ళొచ్చు. గడువు విషయంలో మేం పొరబడతామన్నదీ నిజమే.

మార్ఫిన్ గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. నేను మత్తు వైద్యం (అనస్థీషియా) చదివి నొప్పి క్లినిక్‌లో పనిచేస్తున్నాను. మామూలు మార్ఫిన్ మాత్ర తక్కువ డోసుతో, నాలుగు గంటలకొకటి చొప్పున మొదలుపెడతాం. నొప్పి తగ్గేదాకా కొంచెం కొంచెం పెంచుతాం. మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉంటుంది, కొందరికి వాంతి వస్తుంది, తర్వాత తగ్గుతుంది. తగ్గనిది మలబద్ధకం ఒక్కటే, అందుకే మొదటి రోజు నుంచే విరేచనం మందు కలిపి రాస్తాం. లెక్క ప్రకారం ఇస్తే అది ఆయుష్షు తగ్గించదు. మీ పెదనాన్నగారికి నాలుగు రోజుల ముందు మొదలుపెట్టారంటే, నాకు తోచేది చాలా ఆలస్యంగా మొదలుపెట్టారని. ఆఖరి క్షణాల్లోనే ఇస్తుంటే, ఇచ్చిన మందే ప్రాణం తీసిందని ఇంట్లోవాళ్ళకి అనిపించక తప్పదు.

2010లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవాళ్ళలో సగంమందికి మామూలు వైద్యం, సగంమందికి దాంతోపాటు మొదటి నుంచీ పాలియేటివ్ కేర్ ఇచ్చారు. రెండో వర్గం వాళ్ళు తక్కువ బాధతో ఉండటమే కాదు, ఎక్కువకాలం బతికారు. సగంమంది దాటిన కాలం చూస్తే 8.9 నెలలకి బదులు 11.6 నెలలు.

మన దగ్గర 1985 నాటి మత్తుమందుల చట్టం భయంతో చాలా ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచడమే మానేశాయి. 2014లో చట్టం సవరించి, గుర్తింపు పొందిన వైద్య సంస్థలు ఉంచుకునేలా సులువు చేశారు. అయినా వీధి చివరి మందుల షాపులో దొరకదు. అందుకే మార్ఫిన్ ఉంచే పాలియేటివ్ సెంటర్‌లో పేరు నమోదు చేయించుకోవడం ముఖ్యం.

ఇంకొకటి. పాంక్రియాస్ క్యాన్సర్ నొప్పి పొట్టలోంచి వీపులోకి పొడుస్తుంది. అమ్మగారు వీపు రాస్తున్నారంటే అదే అయివుంటుంది. దానికి సీలియాక్ ప్లెక్సస్ బ్లాక్ అని ఒక ఇంజెక్షన్ ఉంది, నొప్పి మోసే నరాల గుంపు దగ్గర మందు వేస్తాం. అందరికీ కుదరదు. కుదిరితే చాలా సుఖం. తప్పకుండా అడగండి.

రారిటన్ ఒడ్డు · బుధవారం, ఉదయం 7:20

న్యూజెర్సీ నుంచి రాస్తున్నాను. ఇక్కడ మా అత్తగారికి హాస్పిస్ తీసుకున్నాం. ఆరు నెలలకి మించి బతకరని ఇద్దరు డాక్టర్లు రాసిస్తే మెడికేర్ అనే ఇక్కడి ప్రభుత్వ వైద్య బీమా కింద వస్తుంది. ఆరు నెలలు దాటి బతికితే మళ్ళీ పొడిగిస్తారు, ఇష్టం లేకపోతే బయటికి వచ్చి వైద్యం మొదలుపెట్టుకోవచ్చు. హాస్పిటల్ మంచం, ఆక్సిజన్, మందులు ఇంటికే పంపారు. కానీ పొగిడేవాళ్ళు చెప్పనిది ఒకటుంది. నర్సు వారానికి రెండుసార్లు వచ్చేది. మిగతా వేళంతా మేమే. రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం, ఒళ్ళు తుడవడం, రాత్రి రెండింటికి మందు కొలిచి నోట్లో వేయడం, అన్నీ మా ఆవిడే చేసింది. ఇంట్లో చూసుకుంటామని చెప్పేముందు, చూసుకునేది ఎవరో పేరు పెట్టి చెప్పుకోండి. మా ఇంట్లో మాట ఇచ్చింది నేను, చేసింది ఆమె.

వైరా వాగు అమ్మా, మీ అన్నయ్య మీద కోపం పెంచుకోకండి. మా నాన్న విజయవాడలో పోయినప్పుడు నేనూ అలాగే మాట్లాడాను. ఆయన రాత్రి మూలుగు నేను వినలేదు. ఫోన్‌లో నాకు వినపడింది రిపోర్టులు మాత్రమే. రోజూ వీడియో కాల్‌లో నాన్నగారితో పది నిమిషాలు మాట్లాడనివ్వండి, మందు ఇచ్చే వేళ ఫోన్ అక్కడే పెట్టండి.

తీర్పు కాపీ · బుధవారం, మధ్యాహ్నం 12:10

వెంటిలేటర్ మాట వచ్చింది కాబట్టి చట్టం సంగతి. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు గౌరవంగా చనిపోయే హక్కు జీవించే హక్కులో భాగమని చెప్పింది. స్పృహలో ఉన్న మనిషి ముందే రాసిపెట్టుకోవచ్చు, ఇలాంటి స్థితి వస్తే నన్ను యంత్రాల మీద ఉంచవద్దని. 2023 జనవరిలో ఆ పద్ధతిని సులభం చేశారు. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం చాలు, మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళక్కర్లేదు. రాసిపెట్టని పేషెంటు విషయంలో ఆసుపత్రిలో ముగ్గురు డాక్టర్ల బోర్డు, దాని మీద ఇంకో ముగ్గురి బోర్డు చూసి, కుటుంబం ఒప్పుకుంటే యంత్రం తీస్తారు. ఒకసారి పెట్టాక తీయించడం ఇంత తతంగం. పెట్టకముందు ఆయనే వద్దని చెబితే అది ఆయన హక్కు. ఇంతకీ మీ నాన్నగారు ఏమంటున్నారు? ఇంతమందిమి మాట్లాడుతున్నాం, ఆయన మాట ఎక్కడా కనపడలేదు.

వైరా వాగు · బుధవారం, మధ్యాహ్నం 2:45

ఆయనకి చెప్పలేదండీ. లివర్‌లో గడ్డ, మందులతో కరుగుతుందని చెప్పాం. క్యాన్సర్ అన్న మాట ఇంట్లో ఎవరం పలకం. రిపోర్టులు బీరువాలో దాచాను.

గన్నేరు చెట్టు · బుధవారం, సాయంత్రం 5:30

చెప్పకండి. ఆ మాట వింటే ఉన్న ధైర్యం కూడా పోతుంది. మా అమ్మకి ఆఖరిదాకా చెప్పలేదు.

నర్సక్క గారు అడిగినదానికి నిన్నట్నుంచి జవాబు రాద్దామని కూర్చుని లేస్తున్నాను. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు నొప్పి ఇంజెక్షన్లు వేసేవారు. ఆఖరి మూడు రాత్రులు అవి పనిచేయలేదు. అమ్మ అరిచింది. నన్ను చంపేయరా అని అడిగింది. నేను గేదెల కొట్టం వెనక్కి వెళ్ళి చెవులు మూసుకుని నిలబడ్డాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. వసారా గురించి, గంటల గురించే అందరికీ చెప్తాను. అవీ నిజమే. ఇంట్లోనే పోవాలన్న నా మాట నేను మార్చుకోను. కానీ ఇంటికి మార్ఫిన్ వస్తుందని అప్పుడు తెలిసివుంటే ఎంత దూరమైనా వెళ్ళి తెచ్చేవాణ్ణి.

నర్సక్క · బుధవారం, రాత్రి 9:15

అన్నా, ఇది రాసినందుకు మీకు దండం. మీరు చేయగలిగింది చేశారు, మీకు ఎవరూ చెప్పలేదు, అంతే.

చెప్పడం గురించి మాత్రం మీతో విభేదిస్తాను. నేను చూసిన పేషెంట్లలో చాలామందికి ముందే తెలుసు. పిల్లలు బాధపడతారని వాళ్ళు నటిస్తారు, తల్లిదండ్రులు బాధపడతారని పిల్లలు నటిస్తారు. ఒకే గదిలో ఉండి ఎవరి భయం వాళ్ళు దాచుకుంటారు. నెత్తిన బండ వేసినట్టు చెప్పక్కర్లేదమ్మా. "నాన్నా, నీ జబ్బు గురించి నీకేమనిపిస్తోంది?" అని అడిగి ఊరుకోండి. ఎంతవరకు తెలుసుకోవాలో ఆయనే చెప్తారు. వద్దంటే అక్కడే ఆపేయండి.

వైరా వాగు · శుక్రవారం, ఉదయం 5:50

నిన్న రాత్రి అడిగాను. చాలాసేపు గోడవైపు చూశారు. "డిపోలో ముప్పై ఏళ్ళు చేశాను, ఏ బండి మళ్ళీ రోడ్డెక్కుతుందో ఏది ఎక్కదో నాకు తెలియదా తల్లీ" అన్నారు. రెండో కీమో అప్పుడే అర్థమైందట. అమ్మకి తెలియకూడదని ఊరుకున్నారట. అమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంది.

ఆయన రెండు అడిగారు. నొప్పి తగ్గాలి. వైరాలో మన ఇంటికి వెళ్ళాలి. గొట్టాలు వద్దన్నారు. "అన్నయ్యని వాడేమన్నా తిట్టొద్దు" అని కూడా అన్నారు.

అందుకని ముందు హాస్పిస్‌లో వారం పది రోజులు ఉంచి నొప్పి అదుపులోకి తెద్దాం, ఆ ఇంజెక్షన్ కుదురుతుందో లేదో కనుక్కుందాం, తర్వాత ఊరికి తీసుకెళ్దాం అనుకుంటున్నాం. నేను సెలవు పెడుతున్నాను. అన్నయ్య ఒప్పుకోలేదు. ఆదివారం దిగుతున్నాడు, నాన్నతో మాట్లాడాకే ఏదైనా అంటున్నాడు. బాబాయి ఇంకా ఫోన్ ఎత్తడం లేదు.

నాన్న రెండు రోజులుగా అన్నం రెండు ముద్దలు కూడా తినడం లేదు. అమ్మ కుక్కి తినిపిస్తోంది, ఆయన దగ్గుతున్నారు. ఏం చేయాలి?

నర్సక్క · శుక్రవారం, ఉదయం 6:30

కుక్కవద్దని అమ్మగారికి చెప్పండి. తినకపోవడం వల్ల జబ్బు ముదరడం లేదు, జబ్బు ముదరడం వల్ల ఆకలి పోతోంది. బలవంతం చేస్తే అన్నం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వీపు వెనక దిండు పెట్టి కూర్చోబెట్టి, ఆయన అడిగింది ఒక చెంచా, మజ్జిగో, జావో. నోరు ఎండిపోతుంటే తడిగుడ్డతో తుడిచి పెదవులకి కొబ్బరినూనె రాయమనండి. ఆ పని అమ్మగారికే ఇవ్వండి.

ఈరోజే హాస్పిస్‌కి ఫోన్ చేయండి, శనివారం అనుకోవద్దు. బయాప్సీ రిపోర్టు, ఆఖరి స్కాన్, డిశ్చార్జ్ కాగితాలు, ఇప్పుడు వాడుతున్న మందులు, ఆధార్ ఒక సంచిలో పెట్టుకోండి. వైరా వెళ్ళేముందు మూడు అడిగి రాయించుకోండి. రాత్రిపూట ఫోన్ ఎత్తే నంబరు, మార్ఫిన్ అయిపోతే మళ్ళీ ఎక్కడ ఇస్తారు, ఇంట్లో పోతే మరణ ధ్రువీకరణకి కాగితం ఎవరు రాస్తారు. మూడోది అడగడానికి నోరు రాదు. నోరు రాకపోతే నాకు మెసేజ్ పెట్టండి, ఎలా అడగాలో చెప్తాను.