అప్‌డేట్: బైకుకు పచ్చలైటు ఇవ్వని సిగ్నల్ సమస్య తీరింది

రాత్రిపూట పక్క రోడ్డు నుంచి బైకు మీద వస్తే సిగ్నల్ ఎర్రలైటు మీదే ఉండిపోతోందని, వెనక ఏదైనా కారు వచ్చి ఆగితేనే మారుతోందని అడిగాను. జవాబులిచ్చిన అందరికీ ధన్యవాదాలు. ఇప్పుడు సరయింది.

రోడ్డులో పాతిన తీగచుట్టను అనుమానించినవారి మాటే నిజం. ఆగే గీత దగ్గర తారును కోసి, తీగ పెట్టి పూడ్చిన సన్నని చార దీర్ఘచతురస్రంలా కనిపిస్తుంది. పైన లోహం నిలిస్తే ఆ తీగ ఇండక్టెన్స్ (కరెంటులో మార్పును అడ్డుకునే గుణం) తగ్గుతుంది. సిగ్నల్‌ను నడిపే కంట్రోలర్ ఆ తగ్గుదలను వాహనంగా లెక్కిస్తుంది. దీర్ఘచతురస్రం మధ్యలో కాకుండా, రెండు చక్రాలూ సరిగ్గా చార మీద ఉండేలా ఆపితే చాలాసార్లు పచ్చలైటు పడింది. కానీ ప్రతిసారీ కాదు.

అందుకే ఫిర్యాదు చేశాను. మొదటిదానికి జవాబే లేదు. ఏ దారి, ఏ వరుస, ఏ వేళ, కారును గుర్తించి బైకును గుర్తించడం లేదన్న సంగతి, అన్నీ విడమరచి మళ్లీ రాశాక టెక్నీషియన్ వచ్చాడు. తీగ తెగలేదు. తీగలో మార్పును పసిగట్టే డిటెక్టర్ సున్నితత్వాన్ని బాగా తక్కువగా పెట్టి వదిలేశారు! దాన్ని పెంచగానే పని అయిపోయింది. ఇంత చిన్న సర్దుబాటు కోసం జనాన్ని అర్ధరాత్రి నడిరోడ్డున నిలబెట్టడం అన్యాయం.

బైకు కింద అయస్కాంతం కట్టడం వల్ల ఏ లాభమూ లేదు. బరువుతోనూ, హెడ్‌లైటు వెలిగించి ఆర్పడంతోనూ ఈ తీగకు సంబంధం లేదు. సైకిలు నడిపేవారికి కూడా చార మీద ఆపడమే ఉపాయం. అల్యూమినియం రిమ్మునైనా అది గుర్తిస్తుంది.