షాడో టీచర్‌గా చేరాను, ఆటిజం ఉన్న బాబుకి క్లాసులో ఎంతవరకు సాయం చెయ్యాలి?

గజపతినగరం అమ్మాయి:

అందరికీ నమస్తే అండి. మాది గజపతినగరం. ఈ జూన్ నుంచి విజయనగరంలో ఒక ప్రైవేట్ స్కూల్లో షాడో టీచర్‌గా, అంటే క్లాసులో ఒక్క పిల్లాడి పక్కనే ఉండి సాయం చేసే టీచర్‌గా చేస్తున్నాను, డీఎడ్ చేశాను గానీ మామూలుదే, స్పెషల్ ఎడ్యుకేషన్ కాదు. సెకండ్ క్లాస్ బాబు, ఆటిజం అని విశాఖలో డాక్టర్ గారు రాసిచ్చారంట. నా జీతం వాళ్ళ అమ్మానాన్నలే ఇస్తారు, స్కూల్ వాళ్ళు క్లాసులో కూర్చోడానికి పర్మిషన్ ఇచ్చారంతే.

బాబు చాలా మంచోడు అండి. అంకెలంటే ప్రాణం, స్కూల్ బస్సుల నంబర్లన్నీ చూడకుండా చెప్పేస్తాడు. మాటలు తక్కువ, మనం ఏది అంటే అదే తిరిగి అంటాడు. బెల్ కొట్టినా, ప్రేయర్లో మైక్ పెట్టినా రెండు చెవులూ మూసుకుని కింద కూర్చుండిపోతాడు. మూడో పీరియడ్ వచ్చేసరికి లేచి బయటికి పరుగు, వెనకాల నేను. మమ్మల్ని లాస్ట్ బెంచీలో కూర్చోబెట్టారు. క్లాస్ టీచర్ గారు మంచివారే గానీ వాడికి ఏం చెప్పాలన్నా నాకే చెప్తారు, "మీ వాడిని పుస్తకం తియ్యమనండి" అని. నోట్స్ పూర్తి కాకపోతే ఇంట్లో అడుగుతారు కాబట్టి నన్నే రాసెయ్యమంటున్నారు.

ఈ పరుగు ఎలా ఆపాలి? రాసి పెట్టడం కరెక్టేనా? నేను ఏదైనా కోర్సు చెయ్యాలా? తెలిసినవాళ్ళు చెప్పండి, ఈ బాబు విషయంలో తెలీక ఏదీ పాడు చెయ్యకూడదని ఉంది.

టెక్కలి ఐఈఆర్టీ:

చెల్లీ, నేను శ్రీకాకుళం జిల్లాలో భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రం) ఐఈఆర్టీగా, అంటే రిసోర్స్ టీచర్‌గా పని చేస్తాను, ఇలాంటి పిల్లలతోనే రోజూ ఉంటాను కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

ముందు పరుగు ఆపడం గురించి ఆలోచించకు, ఎందుకు పరిగెడుతున్నాడో చూడు. ఒక చిన్న నోటుబుక్ పెట్టుకుని పరుగుకి ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత వాడికి ఏం దొరికింది, ఈ మూడే రాయి, టైముతో సహా. వారం పది రోజులు రాస్తే నీకే కనపడుతుంది. కుళాయి దగ్గరికే వెళ్తున్నాడా, అయితే నీళ్ళు కావాలి లేదా ఆ నీళ్ళు చేతి మీద పడుతుంటే హాయిగా ఉంది. ఎటూ కాకుండా క్లాసులోంచి బయట పడితే చాలన్నట్టు వెళ్తున్నాడా, అయితే ఆ గోల గానీ ఆ పని గానీ ఇంక భరించలేకపోతున్నాడు. మూడో పీరియడ్లోనే అని నువ్వే రాశావు కదా, మరి రెండో పీరియడ్ చివర్లో వాడు లేవకముందే నువ్వే తీసుకెళ్ళి ఒక రౌండు తిప్పి నీళ్ళు తాగించి తీసుకురా. వాడు పరిగెట్టాక తీసుకెళ్తే, పరిగెడితేనే బయటికి పంపుతారని నేర్చుకుంటాడు. ముందే ఇస్తే ఆ అవసరం ఉండదు. మెల్లగా "బయటికి" అని ఒక కార్డు చేసి బెంచీ మీద అంటించు, లేవాలనిపించినప్పుడు అది నీ చేతికి ఇచ్చేలా నేర్పు, ఇచ్చిన ప్రతిసారీ వెంటనే తీసుకెళ్ళు, మొదట్లో అసలు కాదనకు.

అన్నిటికంటే ముందు ఒక పని. వాచ్‌మెన్‌కి బాబుని చూపించి, గేటు దాటనివ్వొద్దని చెప్పు. ఇలా బయటికి వెళ్ళిపోయే పిల్లలు చాలామంది నీళ్ళ వైపే వెళ్తారు, ప్రాణం మీదకి వచ్చేది అక్కడే, కాబట్టి స్కూల్ చుట్టుపక్కల చెరువు, బావి, మూత లేని సంపు ఏవైనా ఉన్నాయా అని ఈ రోజే చూడు.

తిరిగి అనడం గురించి. "నీళ్ళు కావాలా?" అని నువ్వడిగితే "నీళ్ళు కావాలా" అంటాడు కదా, అది అర్థం లేని మాట కాదు, చాలాసార్లు అవును కావాలి అనే. నువ్వు ప్రశ్నలా అడగడం తగ్గించి, గ్లాసు చూపించి వాడు అనాల్సిన మాటే అను, "నీళ్ళు కావాలి" అని. తర్వాత ఆగు, మనసులో పది లెక్కపెట్టు. మనం ఆగకుండా మళ్ళీ మళ్ళీ అడిగేస్తుంటాం, వాడు మొదటి మాట అందుకునేలోపే రెండోది వచ్చి పడుతుంది. ఇంకోటి, మన వైపు ఇంట్లో "కూకో" అంటారు, నువ్వు "కూర్చో" అంటావు, టీచర్ "సిట్ డౌన్" అంటారు, మాటలు కష్టమైన పిల్లాడికి అవి మూడు వేరే పనులు. వాళ్ళ అమ్మని అడిగి ముఖ్యమైన ఓ పది మాటలు ఇంట్లోనూ స్కూల్లోనూ ఒకేలా ఉండేలా చూసుకోండి.

బెల్‌కి ఇయర్ మఫ్స్ పెట్టొచ్చు, సేఫ్టీ సామాన్లు అమ్మే షాపుల్లో ఉంటాయి, కానీ రోజంతా పెట్టి ఉంచకు, పాఠం కూడా వినపడదు. బెల్‌కి రెండు నిమిషాల ముందు గడియారం చూపించి చెప్పు, వీడికి అంకెలు ఇష్టం కదా, బాగా పనిచేస్తుంది. ఆ రోజు పీరియడ్లు వరసగా ఫోటోలతో అంటించిన అట్ట ఒకటి, "ముందు రెండు లెక్కలు, తర్వాత నీళ్ళు" అని చూపించే చిన్న అట్ట ఒకటి, ఇవి రెండూ బేగి చెయ్యి. బొమ్మలు నెట్లోంచి తియ్యకు, మీ స్కూల్ కుళాయి, మీ స్కూల్ క్లాస్‌రూమ్ ఫోన్తో తీసి ప్రింట్ తీయించు.

విజీనారం అమ్మ:

మా బాబుకి ఇప్పుడు పదకొండేళ్ళు, ఆటిజమే. తల్లిగా రెండు మూడు మాటలు చెప్తానమ్మా.

డైరీలో రోజూ "పరిగెట్టాడు, అరిచాడు, కొట్టాడు" అని మాత్రమే రాయకు. ఆ డైరీ తెరవాలంటే చెయ్యి వణికేది నాకు. ఏం తిన్నాడు, బాత్రూమ్‌కి వెళ్ళాడా, ఎవరి పక్కన కూర్చున్నాడు, ఏం చూసి నవ్వాడు, ఇవి రాయి. మా వాడు ఇంటికొచ్చి ఏదీ చెప్పలేడు, స్కూల్లో వాడి రోజు ఎలా గడిచిందో మాకు తెలిసే దారి అదొక్కటే.

వాడి ముందు వాడి గురించి వేరేవాళ్ళతో మాట్లాడకు. మాట్లాడడు కాబట్టి వినడు అనుకుంటారు, అంతా వింటాడు. గేటు దగ్గర మిగతా పేరెంట్స్ అడిగినా చెప్పకు.

దసరా సెలవులు అయ్యాక జాగ్రత్త. దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ, ఆ వారమంతా ఊళ్ళో డప్పులు, మైకులు, ఇంటినిండా చుట్టాలు, ఈ పిల్లలకి నిద్ర ఉండదు. స్కూల్ తెరిచాక కొన్నాళ్ళు వాడు నేర్చుకున్నవన్నీ పోయినట్టు కనపడుతుంది. పోవు, వస్తాయి, అప్పుడు చదువు తగ్గించి వాడిని కుదురుకోనివ్వు. నువ్వెప్పుడైనా ఉద్యోగం మానాల్సి వస్తే ముందే చెప్పు తల్లీ, కొత్త టీచర్‌తో కొన్నాళ్ళు కలిసి ఉండి వెళ్ళు. మాకు ఒకమ్మాయి చెప్పకుండా మానేసింది, మా వాడు చాలా రోజులు ఆ అమ్మాయి కూర్చునే కుర్చీ దగ్గరే నిలబడేవాడు.

వాళ్ళకి యూడీఐడీ కార్డు (ప్రభుత్వం ఇచ్చే వికలాంగుల గుర్తింపు కార్డు), కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ ఆరోగ్య ఇన్సూరెన్స్ ఉన్నాయో లేదో అడుగు. నిరామయలో ఏడాదికి లక్ష రూపాయల వరకు వస్తుంది, ఓపీ, థెరపీ ఖర్చులు కూడా కొంత పరిమితి వరకు ఇస్తారు. చాలామందికి తెలీదు, మాకూ ఎవరూ చెప్పలేదు.

రాజాం నుంచి:

నేను విశాఖలో షాడో టీచర్‌గా చేసి ఇప్పుడు స్పెషల్ డీఎడ్ చదువుతున్నాను. టెక్కలి మేడం చెప్పినవి అన్నీ ఒప్పుకుంటాను, నేను రాయడం గురించి చెప్తాను.

రాసి పెట్టొద్దండి. ఆ నోట్స్ వాడిది కాదు, ఇంట్లో చూసి వాడికి వచ్చేసింది అనుకుంటారు, టీచర్ కూడా అలాగే అనుకుంటారు, వాడికి ఏది రాదో ఎవరికీ తెలీకుండా పోతుంది. పది లైన్లు రాయలేకపోతే రెండు లైన్లు వాడి చేత్తో రాయించండి, మిగతాది జిరాక్స్ అంటించండి, కింద "రెండు లైన్లు సొంతంగా రాశాడు" అని రాయండి. చెయ్యి పట్టి రాయిస్తుంటే మణికట్టు దగ్గర, తర్వాత మోచేతి దగ్గర, తర్వాత వేలితో చూపించడం, ఇలా వెనక్కి తగ్గుతూ రావాలి. తగ్గించకపోతే మీరు ముట్టుకునేదాకా పెన్సిల్ ఎత్తడు.

లాస్ట్ బెంచీ వద్దే వద్దు. ముందు వరసలో గోడ పక్కన, మైక్‌కి దూరంగా వాడిని కూర్చోబెట్టమనండి, మీరు పక్కనే కాకుండా కొంచెం వెనక కూర్చోండి. 1997లో అమెరికాలో జియాన్‌గ్రెకో అనే ప్రొఫెసర్, ఆయన తోటివాళ్ళు క్లాసులు చూసి రాసింది మాకు చెప్పారు, సహాయకులు ఎప్పుడూ ఆనుకుని కూర్చుంటే టీచర్ ఆ పిల్లాడిని తన స్టూడెంట్‌గా చూడడం తగ్గిపోతుందని, తోటి పిల్లలు దగ్గరికి రారని. మీ టీచర్ "మీ వాడు" అంటున్నారు కదా, అచ్చం అదే. ఆవిడ మీకు చెప్పినప్పుడు మీరు వాడికి చేరవెయ్యకండి, "మేడం, పేరు పెట్టి మీరే పిలవండి, నేను పుస్తకం చూపిస్తాను" అనండి. వాడికి నంబర్లు వచ్చు కాబట్టి రోజూ బోర్డు మీద తేదీ వాడి చేత రాయించమని అడగండి, మిగతా పిల్లలు అందరూ చూస్తారు.

కోర్సు సంగతి, ఇంటర్ తర్వాత రెండేళ్ళ డీఎడ్ స్పెషల్ ఎడ్యుకేషన్ ఉంది, ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తింపు ఉన్న కాలేజీలోనే చెయ్యండి. 1992 ఆర్‌సీఐ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా స్పెషల్ ఎడ్యుకేటర్ అని చెప్పుకోకూడదు. ఆన్‌లైన్లో నెల రోజుల సర్టిఫికెట్లు అమ్ముతున్నారు, నేర్చుకోడానికి పనికొస్తే రావచ్చు గానీ రిజిస్ట్రేషన్ రాదు.

చీపురుపల్లి టీచర్:

నేను క్లాస్ టీచర్‌ని. అమ్మా, మీ టీచర్ గారి వైపు నుంచి కూడా చూడండి, నలభై మంది పిల్లలు, సిలబస్ తరుముతుంటుంది, ఆటిజం గురించి మాకు ట్రైనింగ్‌లో చెప్పింది చాలా తక్కువ. చాలామందిమి భయంతో దూరంగా ఉంటాం, ముట్టుకుంటే అరుస్తాడేమో, క్లాసంతా ఆగిపోతుందేమో అని. పాఠాల మధ్యలో కాకుండా సాయంత్రం ఆవిడకి ఖాళీ ఉన్నప్పుడు కలిసి, రేపటి పాఠంలో వీడికి ఏ ఒక్క ముక్క చాలు అని అడగండి. మా క్లాసులో అలా అడిగిన అమ్మాయి వల్లే నేను ఆ పాపతో మాట్లాడడం మొదలుపెట్టాను.

స్కూల్ వాళ్ళు ఇది మా బాధ్యత కాదంటే మాత్రం తగ్గొద్దు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది, గుర్తింపు ఉన్న ప్రైవేట్ స్కూళ్ళ గురించి కూడా అందులో ఉంది. పేరెంట్స్ చేత రాతపూర్వకంగా అడిగించండి.

గజపతినగరం అమ్మాయి:

అందరికీ చాలా థాంక్స్ అండి, చదువుతుంటే ఏడుపొచ్చింది. నోట్‌బుక్ మొదలుపెట్టాను, రెండు రోజులూ కుళాయి దగ్గరికే వెళ్ళాడు. టీచర్ గారితో మాట్లాడాను, సోమవారం నుంచి ముందు బెంచీ ఇస్తానన్నారు, తేదీ రాయించడానికి కూడా ఒప్పుకున్నారు. ఫోటోలు తీశాను, లామినేషన్ చేయించి అట్టకి అంటిస్తే పీకేస్తున్నాడు, ఎలా?

టెక్కలి ఐఈఆర్టీ:

పీకనివ్వు చెల్లీ, పీకడానికే అది. పీరియడ్ అయిపోగానే వాడే ఆ ఫోటో తీసి కింద డబ్బాలో వెయ్యాలి, అప్పుడే ఇంకా ఎన్ని ఉన్నాయో వాడికి తెలుస్తుంది. గమ్ బదులు వెల్క్రో వాడు, టైలరింగ్ సామాన్ల షాపులో మీటర్ల లెక్కన ఇస్తారు, గరుకు వైపు అట్టకి, మెత్తటి వైపు ఫోటోకి కుట్టు లేదా అంటించు. కుళాయి ఫోటో ఇంకో రెండు కాపీలు ఎక్కువ తీయించుకో, అదే ముందు చిరిగిపోతుంది.