చక్ క్లోజ్ ప్రింట్ కొనేముందు ఫ్రేమ్ విప్పించి చూడాలా?

స్క్రీన్‌ప్రింట్లు (తెర మీదుగా ఒక్కో రంగూ అద్ది తీసే ప్రింట్లు) కొన్న అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి. అమెరికన్ చిత్రకారుడు చక్ క్లోజ్ 2000లో చేసిన సెల్ఫ్ పోర్ట్రెయిట్ ఒకటి అమ్మకానికుంది, 111 రంగులు, 80 కాపీల ఎడిషన్, ఎత్తే ఐదడుగుల పైమాట. దగ్గరికెళ్తే అన్నీ గళ్లు, గళ్లలో సున్నాలు. వెనక్కి జరిగితేగానీ గడ్డం, కళ్లజోడు తేలవు, అదే నాకు పిచ్చి! అయితే అంచులు మౌంట్ బోర్డు (ఫ్రేమ్‌లో బొమ్మ చుట్టూ పెట్టే అట్ట) కింద దాక్కున్నాయి, పైగా కిటికీ ఎదురుగోడకి వేలాడదీశారు, రంగు వెలిసిందో లేదో ఎలా పట్టుకోవాలి? విప్పితే కాగితం నలుగుతుందని అమ్మేవాళ్లు నసుగుతున్నారు. అంత డబ్బు పోసేటప్పుడు విప్పమనడం అతిగా ఉంటుందా, లేక ప్రింట్ ఏ స్థితిలో ఉందో రాసిచ్చే కండిషన్ రిపోర్ట్ తీసుకుంటే చాలా? ఇంకోటి, ఇంత పెద్దదానికి అద్దమా, యూవీ అక్రిలిక్కా (ఎండలోని యూవీ కిరణాల్ని ఆపే ప్లాస్టిక్ షీటు)?