విండోస్ 10 గడువు తీరిన డీటీపీ లాప్‌టాప్‌లో ఏం వెయ్యాలి? లినక్స్ మింటా, రూఫస్‌తో విండోస్ 11నా?

డీటీపీ_ఓరుగల్లు
6వ తరం ఐ5, 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్. పని పేజ్‌మేకర్ 7 (పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్), అను స్క్రిప్ట్ (తెలుగు టైపింగ్, ఫాంట్ల సాఫ్ట్‌వేర్), కానన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మద్దతు ఆగిపోయింది. విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వెయ్యమని కొందరు, రూఫస్‌తో (బూట్ పెన్‌డ్రైవ్ తయారుచేసే టూల్) విండోస్ 11 వెయ్యమని కొందరు. ఏది మేలు?

టక్స్_తెనాలి
మింట్ వెయ్యండి. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. విండోస్ 11 ఒప్పుకునే జాబితాలో ప్రాసెసర్ లేదని మంచి యంత్రాన్ని మూలన పడేయడం అన్యాయం. తెలుగు టైపింగ్‌కి ఐబస్‌లో (లినక్స్‌లో భాషల టైపింగ్ టూల్) ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంది.

సోల్డర్_సికింద్రాబాద్
టక్స్ గారూ, ఇన్‌స్క్రిప్ట్‌తో వచ్చేది యూనికోడ్, అంటే అన్ని కంప్యూటర్లకీ ఉమ్మడి అక్షర పద్ధతి. ఆయన పాత ఫైళ్లన్నీ అను ఫాంట్లలో ఉంటాయి, అవి యూనికోడ్ కావు. అను స్క్రిప్ట్‌ని నడిపే అను మేనేజర్ విండోస్ కోసం రాసింది, వైన్ (లినక్స్‌లో విండోస్ ప్రోగ్రాములు నడిపే టూల్) మీద నడుస్తుందన్న ఆశతో పెళ్లి కార్డు ఆర్డరు ఒప్పుకోలేం. ఇక ఎల్‌బీపీ 2900 క్యాప్ట్ అనే కానన్ సొంత పద్ధతిలో మాట్లాడుతుంది. లినక్స్‌లో దాన్ని దారికి తేవడం పెద్ద తలనొప్పి. హెచ్‌పీ 1020 ప్రింటర్ అయితే హెచ్‌ప్లిప్ (లినక్స్‌కి హెచ్‌పీ డ్రైవర్), దాని ప్లగిన్ వేస్తే నడిచేది. ముందు చూడాల్సింది ప్రాసెసర్ కాదు, ప్రింటరూ ఫాంట్లూ.

ఇక విండోస్ 11 సంగతి. అది అడిగే భద్రతా చిప్ టీపీఎం 2.0 ఇంటెల్ 6, 7 తరాల్లో చాలావాటికి పీటీటీ అనే పేరుతో లోపలే ఉంటుంది, బయోస్‌లో ఆన్ చేస్తే చాలు. అసలు అడ్డు ప్రాసెసర్ జాబితా. రూఫస్‌లో స్టార్ట్ నొక్కగానే వచ్చే పెట్టెలో టీపీఎం, సెక్యూర్ బూట్ (నమ్మదగిన సిస్టమ్‌నే బూట్ కానిచ్చే బయోస్ రక్షణ) తనిఖీలు తీసేసే టిక్ ఉంటుంది. అది పెట్టి, ఆ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి క్లీన్ ఇన్‌స్టాల్ (పాతది తుడిచేసి కొత్తగా) చెయ్యాలి. నెలనెలా వచ్చే భద్రతా అప్‌డేట్లు సాధారణంగా వస్తాయి, కానీ మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. ఏటా వచ్చే కొత్త వెర్షన్ మాత్రం దానంతట అది రాదు, ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ ఫైలు) దింపుకుని మళ్లీ ఎక్కించుకోవాలి. ఏడాదికోసారి ఆ పనికి సిద్ధపడితేనే ఈ దారి పట్టండి. కోర్ 2 డుయో ఉన్నవాళ్లు ఆశ వదులుకోండి: విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి ఎస్‌ఎస్‌ఈ 4.2, పాప్‌కౌంట్ అనే సూచనలు లేని ప్రాసెసర్ మీద అసలు బూటే అవదు.

నల్లమల_నెట్
ఇంత దూరం ఎందుకు? విండోస్ 10నే ఉంచి నెట్ పీకేస్తే సరి. పేజ్‌మేకర్‌కి నెట్‌తో పనేముంది?

సోల్డర్_సికింద్రాబాద్
డీటీపీ షాపుకి వైరస్ వచ్చే దారి నెట్ ఒక్కటే కాదు, కస్టమర్ తెచ్చే పెన్‌డ్రైవ్ కూడా. ఫైళ్లు దాచేసి వాటి పేరుతోనే షార్ట్‌కట్‌లు పెట్టే వైరస్‌లు అలాగే పాకుతాయి. నెట్ లేకపోతే విండోస్ డిఫెండర్ (యాంటీవైరస్) వైరస్‌లను గుర్తుపట్టే సంతకాలూ పాతబడతాయి.

టక్స్_తెనాలి
ఫాంట్ల మాట ఒప్పుకుంటున్నా, మింట్ పనికిరాదన్న మాట మాత్రం ఒప్పుకోను. నెట్, జీమెయిల్, పీడీఎఫ్, కస్టమర్ పెన్‌డ్రైవ్ తెరవడం అన్నీ మింట్‌లో చెయ్యండి. పక్కనే విండోస్ 10 ఉంచి, దాన్ని అను కోసమే వాడండి. డ్యూయల్ బూట్‌లో (ఒకే యంత్రంలో రెండు సిస్టమ్‌లు) ఎక్కడ ఇరుక్కుంటారో చెబుతాను. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ (పూర్తిగా ఆపకుండా త్వరగా లేచే సెట్టింగ్) తీసెయ్యకపోతే విండోస్ డ్రైవ్‌లను లినక్స్ చదవడానికి తప్ప రాయడానికి తెరవదు. గడియారం ఐదున్నర గంటలు తేడా చూపిస్తే బెదరకండి: లినక్స్ మదర్‌బోర్డు గడియారాన్ని యూటీసీగా (ప్రపంచ ప్రామాణిక సమయం) చూస్తుంది, విండోస్ మన సమయంగా చూస్తుంది. లినక్స్‌ని స్థానిక సమయానికి మారిస్తే సరి. బ్రాడ్‌కామ్ వైఫై చిప్ ఉంటే మొదట నెట్ రాకపోవచ్చు. ఫోన్‌ని యూఎస్‌బీ టెథరింగ్‌లో పెట్టి డ్రైవర్ మేనేజర్ నుంచి డ్రైవర్ వెయ్యాలి.

నల్లమల_నెట్
విండోస్ 10 ఉంచేటట్లయితే ఈఎస్‌యూ (మైక్రోసాఫ్ట్ ఇచ్చే అదనపు భద్రతా అప్‌డేట్ల పథకం) ఎందుకు వదలాలి? విండోస్ 10 22హెచ్2 వెర్షన్, మైక్రోసాఫ్ట్ ఖాతా ఉంటే 2026 అక్టోబర్ 13 దాకా భద్రతా అప్‌డేట్లు వస్తాయి. సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే ఉచితం. విండోస్ అప్‌డేట్ పేజీలోనే నమోదు లింక్ ఉంటుంది.

సోల్డర్_సికింద్రాబాద్
అది మంచి మాట. అయితే అది గడువు పొడిగింపే, ఈలోగా అను ఫైళ్లను యూనికోడ్‌కి మార్చుకోవడం మొదలుపెట్టాలి. ఏ దారి పట్టినా ఆ హార్డ్ డిస్క్ మీద మాత్రం వద్దు. 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ 256 జీబీ, ర్యామ్ 8 జీబీ చెయ్యండి. కొనేముందు వెనక మూత విప్పి ర్యామ్ మీది రాత చదవండి. 6వ తరంలో కొన్ని డీడీఆర్4, కొన్ని డీడీఆర్3ఎల్. 1.35 వోల్టుల 3ఎల్ ఉండాల్సిన చోట 1.5 వోల్టుల మామూలు డీడీఆర్3 పెడితే యంత్రం లేవకపోవచ్చు.

టక్స్_తెనాలి
డిస్క్ మార్చేముందు బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకి విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ కీ లేకుండా బయోస్‌లో టీపీఎం, సెక్యూర్ బూట్ జోలికి వెళ్తే మీ డేటాకి మీరే బయటివారవుతారు.