హెల్త్, టర్మ్ పాలసీలు ఏజెంటు దగ్గర తీసుకోవాలా, కంపెనీ సైట్లో నేరుగానా?

మధురవాడ_వాసి:
నమస్కారమండీ. నాకు 38, మా ఆవిడకు 34, పిల్లలు ఇద్దరు. అమ్మకు 63, షుగర్ ఉంది, మాత్రలు వాడుతోంది. అందరికీ కలిపి పది లక్షల హెల్త్ పాలసీ, నా పేర కోటి రూపాయల టర్మ్ పాలసీ (నేను పోతేనే ఇంటికి డబ్బు వచ్చేది) తీసుకోవాలని ఉంది. నాన్నగారి కాలం నుంచి తెలిసిన ఏజెంటు ఒకాయన "ఎక్కడ కొన్నా ప్రీమియం ఒకటే, క్లెయిమ్ వస్తే నేనున్నాను, మొదటి ఏడాది కమిషన్‌లో సగం నీకే" అంటున్నారు. అదే కంపెనీ సైట్లో చూస్తే ఆన్‌లైన్ డిస్కౌంట్ కనిపిస్తోంది. నేరుగా కొంటే రేపు ఆసుపత్రిలో పట్టించుకునే దిక్కుండదని ఇంట్లోవాళ్ల భయం. ఏం చేయమంటారు?

పాలసీ_పరిశీలన:
ముందు ఆ సగం కమిషన్ ఆశ వదిలేయండి. ఇన్సూరెన్స్ చట్టం 1938, సెక్షన్ 41 ప్రకారం అది నేరం. ఇచ్చినవాళ్లకే కాదు, పుచ్చుకున్నవాళ్లకీ వర్తిస్తుంది, జరిమానా 10 లక్షల దాకా ఉంది. పైగా మొదటి ఏడాదే సగం వదులుకున్న మనిషి నాలుగో ఏడాది మీ క్లెయిమ్ ఫైలు పట్టుకుని తిరుగుతాడన్న నమ్మకం ఏమిటి?

ప్రీమియం ఒకటేనా అంటే, సగం నిజం. హెల్త్‌లో చాలా కంపెనీలకు తేడా ఉండదు, కొన్ని మాత్రం నేరుగా కొన్నవాళ్లకు తగ్గిస్తాయి. టర్మ్‌లో తేడా బాగా కనిపిస్తుంది. ఎల్ఐసీనే చూడండి: 2024లో యువ టర్మ్ అని ఏజెంట్ల ద్వారా, డిజి టర్మ్ అని ఆన్‌లైన్లో తెచ్చింది. రెండింటికీ వయసు పరిమితి 45, కనీస కవరు 50 లక్షలు. రెండింటి ప్రీమియం పక్కపక్కన పెట్టి చూసుకోండి. మరొకటి, 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత లైఫ్, హెల్త్ పాలసీలకు జీఎస్టీ లేదు. ఎవరైనా ఇంకా 18 శాతం కలిపిన లెక్క చూపిస్తే పాత కాగితం చూపిస్తున్నట్టే.

అసలు విషయం ప్రపోజల్ ఫారం. క్లెయిమ్ తిరస్కరణల్లో పెద్ద తలనొప్పి అక్కడే మొదలవుతుంది. ఏజెంటు "సంతకం పెట్టేయండి, మిగతాది నేను చూసుకుంటా" అని తీసుకెళ్లి, జబ్బుల ప్రశ్నలన్నింటికీ "లేదు" అని టిక్ పెట్టేస్తారు. పాలసీ త్వరగా వస్తుంది, మెడికల్ టెస్టులు ఉండవు, అందరూ సంతోషం. అమ్మగారు ఎప్పుడో అడ్మిట్ అయినప్పుడు డ్యూటీ డాక్టరు కేస్ షీట్లో "ఎనిమిదేళ్లుగా షుగర్" అని ఒక్క ముక్క రాస్తారు. టీపీఏ (కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసే సంస్థ) ఆ ముక్క పట్టుకుని పాత రికార్డులన్నీ అడుగుతుంది. సైట్లో కొన్నా ఇదే ప్రమాదం ఉంది, గబగబా నొక్కుకుంటూ పోతే ఓటీపీతో మీరే "లేదు" అని ఒప్పుకున్నట్టు అవుతుంది.

కాబట్టి ఎవరి ద్వారా కొన్నా, షుగర్ ఎప్పటినుంచి, ఏ మాత్ర, రోజుకెన్ని, ఆఖరి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ టెస్టు) ఎంత అన్నవి రాయించండి. ముందే ఉన్న జబ్బుకు వెయిటింగ్ (దానికి క్లెయిమ్ రాని కాలం) 36 నెలలకు మించకూడదని 2024లో నిబంధన వచ్చింది. చెప్పి మూడేళ్లు ఆగడం, దాచి ప్రతి క్లెయిమ్‌కీ గుండె పట్టుకోవడం కంటే నయం. ఆపకుండా 60 నెలలు కట్టాక మోసం నిరూపిస్తే తప్ప, చెప్పలేదన్న కారణంతో కంపెనీ క్లెయిమ్ తిరస్కరించలేదు. పాలసీతోపాటు ప్రపోజల్ ఫారం కాపీ కూడా వస్తుంది, ఆ రోజే కూర్చుని చదవండి. తప్పుంటే దిద్దించుకోవచ్చు, నచ్చకపోతే 30 రోజుల్లోపు వెనక్కివ్వచ్చు. టెస్టుల ఖర్చు, కవరు ఉన్న రోజులకు కొంత పట్టుకుంటారు, మిగతాది వెనక్కి వస్తుంది.

టర్మ్ అయితే నేరుగా కొనండి. కొనేటప్పుడే 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద అని ఎంచుకుంటే ఆ డబ్బు మీ ఆవిడకు, పిల్లలకే. మీ అప్పులవాళ్లు ముట్టుకోలేరు. తరవాత చేర్పించడం కుదరదు, ఏజెంట్లు తరచూ మరిచిపోయే గడి ఇదే.

ఆరిలోవ_క్లెయిమ్స్:
పై మాటతో చాలావరకు ఏకీభవిస్తాను, అమ్మగారి పాలసీ విషయంలో మాత్రం కాదు. మొదట ఆమెను మీతో కలపకండి. ఫ్లోటర్ (అందరికీ కలిపి ఒకే పాలసీ) ప్రీమియం ఇంట్లో పెద్దవాళ్ల వయసును బట్టి పడుతుంది, 63 అంటే అందరి లెక్కా పెరుగుతుంది. ఆమెకు విడిగా తీసుకోండి, అదీ మంచి ఏజెంటు దగ్గర. షుగర్ ఉన్నవాళ్ల పాలసీకి కంపెనీ అదనపు ప్రీమియం వేయొచ్చు, ఏదో షరతు పెట్టొచ్చు. ఏ కంపెనీ ఎలా చూస్తుందో రోజూ ఫారాలు నింపే మనిషికి తెలుస్తుంది, టోల్ ఫ్రీలో మాట్లాడే కుర్రాడికి తెలియదు.

కానీ ఏజెంటు ఆసుపత్రిలో ఏం చేయగలడో తెలుసుకుని అడగండి. క్యాష్‌లెస్ (బిల్లు కంపెనీయే నేరుగా కట్టే పద్ధతి) అభ్యర్థన పంపేది ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్కు, ఒప్పుకునేది కంపెనీ లేక టీపీఏ. ఐఆర్‌డీఏఐ (బీమా నియంత్రణ సంస్థ) 2024 సర్క్యులర్ ప్రకారం మొదటి అనుమతి గంటలో, డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లో రావాలి. ఏజెంటు ఆ అనుమతి ఇప్పించలేడు. టీపీఏ ప్రశ్న పంపినప్పుడు డాక్టరు దగ్గర జవాబు రాయించి వెంటనే పంపేలా చూడగలడు. రీయింబర్స్‌మెంట్ (ముందు మనం కట్టి తరవాత రాబట్టుకోవడం) అయితే ఫారం బి ఆసుపత్రితో నింపించడం, విడివిడి లెక్కలున్న ఫైనల్ బిల్లు, రసీదులు, మందుల బిల్లులకు చీటీలు జతచేయడం, ఇవన్నీ చూసుకుంటాడు. ఈ పని చేయనంటే ఆయన ఏజెంటు కాదు, సంతకాల కలెక్టరు.

ఇంకో మెలిక గది అద్దె. 5 లక్షల పాలసీలో గదికి రోజుకు 1 శాతం పరిమితి అంటే 5,000. విశాఖలో రామ్‌నగర్‌లోనో హెల్త్ సిటీలోనో 8,000 గది తీసుకుని నాలుగు రోజులున్నారనుకోండి. గదికి 32,000లో 20,000 ఇస్తారు. అంతటితో ఆగదు. సర్జను ఫీజు, థియేటరు, నర్సింగు కలిపి 1,20,000 అయితే అదీ ఎనిమిదింట ఐదు వంతులకే, అంటే 75,000కి తగ్గుతుంది. మందులు, టెస్టులు, ఇంప్లాంట్లకు ఈ కోత పడకూడదు. మొత్తం 57,000 మీ జేబులోంచి. గది పరిమితి లేని పాలసీ అడగండి.

విశాఖ వాళ్లు చూడాల్సినది జోన్ కూడా. కొన్ని పాలసీల్లో మన పిన్‌కోడ్‌కు ప్రీమియం తక్కువ. హైదరాబాద్‌లోనో చెన్నైలోనో చేయించుకుంటే మాత్రం కొంత శాతం మనమే కట్టాలి. పెద్ద ఆపరేషన్లకు హైదరాబాద్ వెళ్లే అవకాశం ఉంటే ఆ షరతు ముందే చదవండి.

బండి_సర్వేయరు:
మీరు అడగలేదు గానీ, బండి పాలసీలో షోరూం వాడు కూడా మధ్యవర్తే. అక్కడే తీసుకోవాలన్న రూలు లేదు. తక్కువకి ఇస్తున్నాడంటే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ లేని ఏళ్లకు ఇచ్చే తగ్గింపు) ఎంత శాతం వేశాడో చూడండి. పాత క్లెయిమ్ దాచి 50 శాతం వేస్తే అప్పుడు మిగిలింది యాక్సిడెంటు నాడు పోతుంది. హుద్‌హుద్ చూసిన ఊరు మనది, థర్డ్ పార్టీ (ఎదుటివాళ్ల నష్టానికి మాత్రమే ఇచ్చేది) ఒక్కటే ఉంటే చెట్టు పడినా, నీట మునిగినా పైసా రాదు. నీళ్లలో స్టార్ట్ చేసి ఇంజను పోతే ఇంజను ప్రొటెక్షన్ యాడ్ ఆన్ ఉండాలి.

మధురవాడ_వాసి:
చాలా థాంక్సండీ. అయితే అమ్మకు ఏజెంటు ద్వారా, మాకు హెల్త్, టర్మ్ నేరుగా. ఏజెంటుకు డబ్బు ఎలా ఇవ్వాలి? రేపు గొడవైతే ఎక్కడికెళ్లాలి?

పాలసీ_పరిశీలన:
నగదు వద్దు, ఆయన ఫోన్‌పేకీ వద్దు. కంపెనీ పంపిన లింకులోనే కట్టండి, డబ్బు కంపెనీకి చేరితేనే రిస్కు మొదలవుతుంది. పాలసీలో మొబైల్ నంబరు, మెయిలు మీవే ఉన్నాయా చూడండి. చాలామంది ఏజెంట్లు తమ నంబరు వేసేస్తారు, రెన్యూవల్ మెసేజ్ మీకు రాదు. ఏడాదికోసారి కట్టే హెల్త్ పాలసీకి 30 రోజుల గ్రేస్ (గడువు దాటాక కట్టే వెసులుబాటు) ఉన్నా, ఆ మధ్యలో జరిగినదానికి క్లెయిమ్ రాదు. మీరు నేరుగా కొన్న పాలసీలో మధ్యవర్తి గడిలో ఎవరి పేరూ ఉండకూడదు, ఉంటే మీరు కొన్నది కంపెనీ సైట్లో కాదు.

గొడవైతే ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా రాయండి. పక్కనే ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్లోనో 155255లోనో నమోదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, ఏడాదిలోపు హైదరాబాద్ ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా గొడవలు తీర్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. మన రాష్ట్రం వాళ్ల పరిధిలోనే ఉంది. 50 లక్షల దాకా చూస్తారు, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. తిరస్కరణ లేఖ, ప్రపోజల్ ఫారం కాపీ, డిశ్చార్జి సమ్మరీ జతచేయండి. ప్రపోజల్ కాపీ లేకపోతే ఇప్పుడే మెయిల్ చేసి తెప్పించుకోండి, గొడవ మొదలయ్యాక అడిగితే ఆలస్యమవుతుంది.