ఎఫ్-150 వెనక డిఫరెన్షియల్ కవర్ మార్చాలా? ట్రైలర్ లాగడానికి సలహా కావాలి

ప్లేనో_287:
అందరికీ నమస్కారం. నాది 2012 ఫోర్డ్ ఎఫ్-150 పికప్, 3.5 లీటర్ల ఎకోబూస్ట్ ఇంజిను, వెనక యాక్సిల్ గేరు నిష్పత్తి 3.55. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఈ వేసవిలో ట్రావెల్ ట్రైలర్ తగిలించుకుని పిల్లలతో కొలరాడో వెళ్దామని. సామానుతో కలిపి ట్రైలర్ 6,500 పౌండ్లు తూగుతుంది. దారిలో రాటన్ కనుమ ఎక్కాలి, 7,800 అడుగుల పైమాటే. వెనక డిఫరెన్షియల్‌కి (చక్రాలకి శక్తి పంచే గేర్ల పెట్టెకి) ఆన్‌లైన్‌లో రెక్కలున్న అల్యూమినియం కవరు చూశాను, వెనకవైపు బల్లపరుపుగా, మంచి దిట్టంగా ఉంది. ఆయిల్ ఎక్కువ పడుతుంది, చల్లగా ఉంటుంది, ఎక్కువ బరువు లాగొచ్చు అని రాశారు. 250 డాలర్లు పెట్టొచ్చా?

క్లీవ్‌లాండ్_చలి:
పెట్టెయ్ బ్రో. మావైపు చలికాలం రోడ్లమీద ఉప్పు చల్లుతారు. నా ఇనప కవరు తుప్పుతిని ఆయిల్ చెమర్చింది, అల్యూమినియంది వేశాను. దానికున్న డ్రెయిన్ ప్లగ్ (ఆయిల్ వంపే బిరడా) ఒక్కదానికే డబ్బులు గిట్టాయి.

ఆటోనగర్_అన్న:
తమ్ముడూ, ఆర్డర్ పెట్టకముందు ఇది చదువు. బెజవాడ ఆటోనగర్‌లో లారీల క్రౌన్ పినియన్ (డిఫరెన్షియల్ లోపలి పెద్ద పళ్లచక్రం, దాన్ని తిప్పే చిన్నది) పని నేర్చుకుని, ఇప్పుడు టెక్సాస్‌లో పికప్‌ల మీద చేస్తున్నాను. మన లారీ హౌసింగ్‌కి వెనక మూత వెల్డింగై ఉంటుంది, క్రౌన్‌ని ముందునుంచి దించుతాం. ఇక్కడి పికప్‌కి వెనక మూత బోల్టులతో ఊడుతుంది, అందుకే దానిమీద ఇంత వ్యాపారం.

ముందు బరువు సంగతి. కవరు మార్చినంత మాత్రాన లాగే సామర్థ్యం ఒక్క పౌండు కూడా పెరగదు. ట్రావెల్ ట్రైలర్ బరువులో పది నుంచి పదిహేను శాతం హిచ్ (బండికి ట్రైలర్ తగిలించే చోటు) మీద పడాలి. నీ లెక్కన 650 నుంచి 975 పౌండ్లు. దానికి మీ ఇంటిల్లిపాదినీ, సామానునీ కలిపి, డోరు దగ్గర స్టిక్కర్ మీదున్న పేలోడ్ (బండి మోయగల బరువు) అంకెతో పోల్చుకో. చాలామందికి అక్కడే దాటిపోతుంది.

ఇక ఆకారం. అసలు విషయం ఇదే. క్రౌన్ తిరిగేటప్పుడు కింద ఉన్న ఆయిల్‌ని ఎత్తి విసురుతుంది. ఫ్యాక్టరీ కవరు గుండ్రంగా ఉంటుంది గనక ఆయిల్ ఆ వంపు వెంబడి పైకెక్కి ముందున్న పినియన్ బేరింగుల మీదికి చేరుతుంది. వెనక బల్లపరుపుగా ఉంటే గోడకి కొట్టుకుని వెనక్కి పడుతుంది, మజ్జిగ చిలికినట్టు నురగ కడుతుంది. నురగ పట్టిన ఆయిల్ పళ్లని సరిగా కాపాడదు. గేల్ బ్యాంక్స్ కంపెనీ వీడియోల్లో ఇదే చూపించింది. వాళ్లూ కవర్లు అమ్ముతారు, ఆ సంగతి గుర్తుపెట్టుకునే చూడు, కానీ చెప్పిన తర్కం సరైనదే. ఆయిల్ ఎక్కువ పడితే వేడెక్కడం ఆలస్యమవుతుంది, అంతే. గంటలకొద్దీ లాగాక చేరే వేడి దాదాపు అక్కడికే చేరుతుంది.

నీ బండికి పాత ఆయిల్ ఎప్పటిదో తెలుసా? సెకండ్ హ్యాండ్ అన్నావు, నాకు దానిమీదే బెంగ. ముందు అది మార్చు. ఈ బండికి ఫ్యాక్టరీ కవరు మీద డ్రెయిన్ ప్లగ్ లేదు, కవరు ఊడదీయాల్సిందే. విప్పే ముందు పైన ఆయిల్ పోసే ఫిల్ ప్లగ్ ఊడి వస్తుందో లేదో చూసుకో. ఆయిలంతా వంపేశాక అది బిగుసుకుని ఉందని తెలిస్తే బండి అక్కడే ఆగిపోతుంది. లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ గొట్టం కూడా ఊది చూడు. అది మూసుకుంటే లోపల ప్రెషర్ పెరిగి సీళ్లు కారతాయి.

ప్లేనో_287:
అన్నా, చాలా థ్యాంక్స్. బల్లపరుపు కవరు వద్దనుకున్నాను. డ్రెయిన్ ప్లగ్ కోసం గుండ్రంగా ఉన్నది కొంటే పర్లేదా? ఏ సైజు చూడాలి? వేడి ఎలా తెలుస్తుంది?

ఆటోనగర్_అన్న:
అది మంచి కొనుగోలే. ఫ్యాక్టరీ వంపుని అనుసరించి ఉండాలి, అయస్కాంతం ఉన్న ప్లగ్ అయితే ఇంకా మంచిది. కిందికి దూరి బోల్టులు లెక్కపెట్టు: పన్నెండు ఉంటే 9.75 అంగుళాల యాక్సిల్, పది ఉంటే 8.8. ఒకదాని కవరు ఇంకోదానికి పట్టదు. స్టెప్నీ టైరుకి తగలకుండా జాగా ఉందో కూడా చూసుకో.

వేడికి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ చాలు. అల్యూమినియం మెరుపుకి రీడింగ్ తక్కువ చూపిస్తుంది, కవరు మీద నల్ల ఎలక్ట్రికల్ టేపు ముక్క అంటించి థర్మామీటర్‌ని దానిమీదికి గురిపెట్టు. కనుమ ఎక్కి ఆపగానే చూడు. 220 ఫారన్‌హీట్ లోపుంటే నేను కంగారుపడను. 250 దాటితే బండి ఆపి చల్లారనివ్వు, ఇంటికొచ్చాక ఆయిల్ మళ్లీ మార్చు.